దేవుణ్ణి నమ్మని రోగి కోసం ప్రార్థించవచ్చా?



వార్డుల్లోనూ, స్త్రీల సమాజం కూటాల్లోనూ, అప్పుడప్పుడు మా నర్సింగ్ స్టూడెంట్ల దగ్గరా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "సిస్టర్, ఆయన దేవుడే లేడంటారు. ఇప్పుడు జబ్బుతో మంచం మీద ఉన్నారు. ఆయన కోసం మేము ప్రార్థన చేయవచ్చా? చేస్తే ఆ సంగతి ఆయనకు చెప్పాలా?" ఇలా అడిగేవారు సాధారణంగా ఆ రోగికి కూతురో, కోడలో, తమ్ముడి భార్యో అయి ఉంటారు. వాదన కోసం అడిగేవారు కాదు. ప్రేమించే మనిషి ఒకవైపు, నమ్మిన దేవుడు ఒకవైపు ఉంటే మధ్యలో నిలబడి అడుగుతారు. అందుకే ఈ నెల షుగరు గురించి రాద్దామనుకున్న వ్యాసం పక్కన పెట్టి దీని గురించి రాస్తున్నాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను. చేయవచ్చు, తప్పకుండా చేయండి. కాని ఆయన ఒప్పుకోకుండా ఆయన మంచం చుట్టూ నిలబడి చేయకండి. మొదటి మాటకు మీరందరూ ఆమెన్ అంటారని తెలుసు. రెండో మాట దగ్గరే కొందరికి నా మీద కోపం వస్తుంది. అందుకని కొంచెం వివరంగా చెప్పాలి.

ఈ ప్రశ్న ప్రపంచమంతటా చర్చకు వచ్చిన సందర్భం ఒకటుంది. క్రిస్టఫర్ హిచెన్స్ అనే పత్రికా రచయిత ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డారు. మతాలన్నిటినీ తీవ్రంగా ఖండిస్తూ 2007లో ఆయన రాసిన పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడైంది. అంతకు ముందు 1995లో మదర్ థెరిసా మీద కూడా కటువుగా ఒక పుస్తకం రాశారు. పాస్టర్లతో, పండితులతో వేదికలెక్కి వాదించేవారు. 2010 జూన్‌లో, 61 ఏళ్ళ వయసులో, ఆయనకు అన్నవాహిక క్యాన్సర్ ఉన్నట్టు తేలింది. అన్నవాహిక అంటే గొంతు నుండి కడుపులోకి ఆహారం దిగే గొట్టం. బయటపడేసరికే అది నాలుగో దశలో ఉంది.

ఇది ఆరోగ్య పత్రిక కనుక ఆ జబ్బు గురించి నాలుగు మాటలు ఇక్కడే చెప్పి ముందుకు వెళ్తాను. ముందు అన్నం ముద్ద, చపాతీ ముక్క గొంతు దిగేటప్పుడు అడ్డం పడినట్టుంటుంది. నీళ్ళు తాగితే దిగిపోతుంది కదా అని చాలామంది నెలలు గడిపేస్తారు. తర్వాత గంజి, పాలు కూడా కష్టమవుతాయి, బరువు తగ్గుతుంది. కొందరికి గొంతు బొంగురుపోతుంది. పొగాకు ఏ రూపంలో వాడినా ముప్పే, సారా ముప్పే, రెండూ కలిస్తే ఇంకా ఎక్కువ. హిచెన్స్ గారు పొగ, మద్యం రెండూ విపరీతంగా తాగేవారు, దాచుకున్నదీ లేదు. ముద్ద దిగడం రెండు మూడు వారాలుగా ఇబ్బందిగా ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి. ఎండోస్కోపీ చేస్తే తెలిసిపోతుంది.

ఆయన జబ్బు సంగతి పత్రికల్లో రాగానే విశ్వాసులమని చెప్పుకునేవారి నుండి రెండు రకాల స్పందన వచ్చింది. దేవుణ్ణి దూషించిన గొంతుకే క్యాన్సర్ వచ్చింది, ఇది దేవుడి శిక్ష అన్నారు కొందరు. ఇది చదివినప్పుడు నేను చాలా నొచ్చుకున్నాను. ముప్పై ఏళ్ళుగా వార్డుల్లో తిరుగుతున్నదాన్ని. గొంతు క్యాన్సర్‌తో పోయిన బైబిల్ స్త్రీని నా చేతులతో కడిగాను. ఆమె ఎవరిని దూషించింది? పాలు మరవని పిల్లలకు రక్త క్యాన్సర్ వస్తోంది. వాళ్ళు చేసిన పాపం ఏమిటి? జబ్బును శిక్షగా లెక్కగట్టే మాట మన వార్డుల్లో ఎవరి నోటా వినిపించకూడదని మా పిల్లలకు గట్టిగా చెబుతుంటాను. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి ఇతడు పాపం చేశాడా, ఇతని తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు రెండూ కాదన్న సంగతి యోహాను సువార్తలో ఉంది. తెలిసి కూడా మర్చిపోతాం.

రెండో రకంవారు ప్రార్థన చేశారు. 2010 సెప్టెంబరు 20వ తేదీన అందరూ హిచెన్స్ కోసం ప్రార్థించాలని ఒక ప్రకటన ప్రచారమైంది. ప్రార్థించినవారందరి ఉద్దేశమూ ఒకటి కాదు. కొందరు ఆయన బాగుపడాలని, కొందరు ఆయన మారుమనస్సు పొందాలని, కొందరు రెండూ జరగాలని కోరారు.

మరి ఆయన ఏమన్నారు? ఒక పత్రికలో దీని గురించి పెద్ద వ్యాసమే రాశారు. మంచి మనసుతో ప్రార్థించినవారి మీద ఆయనకు కోపం లేదు; వారి దయను గుర్తించారు. అయితే మీ మనసుకు ఊరట అనిపిస్తే చేసుకోండి గాని నా కోసమని శ్రమపడకండి అన్న భావంలో రాశారు. ఒకవేళ నాకు నయమైతే మా ప్రార్థన వల్లేనని మీరంటారు, అదే నాకు చికాకు అని కూడా అన్నారు. నిజం చెప్పాలంటే అక్కడ నాకు నవ్వొచ్చింది. మన సాక్ష్యాల కూటాల్లో అచ్చంగా అదే అంటాం కదా.

ఆ వ్యాసంలో నాకు ముఖ్యమనిపించింది ఇంకొకటి. డాక్టర్ ఫ్రాన్సిస్ కాలిన్స్ అని గొప్ప శాస్త్రవేత్త ఉన్నారు. మనిషి జన్యువుల పటాన్ని తయారుచేసిన అంతర్జాతీయ ప్రాజెక్టు 2003లో పూర్తయింది. దానికి నాయకత్వం వహించినవారిలో ఆయన ముఖ్యులు. తర్వాత 2009 నుండి 2021 వరకు అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థలకు డైరెక్టరుగా పనిచేశారు. దృఢమైన క్రైస్తవ విశ్వాసి, తన విశ్వాసం గురించి పుస్తకం కూడా రాశారు. అదే విషయం మీద హిచెన్స్‌తో బహిరంగంగా వాదించినవారు. అలాంటి మనిషి తన ఖాళీ సమయంలో హిచెన్స్ ఇంటికి వెళ్ళి కూర్చునేవారు. కొత్తగా వస్తున్న చికిత్సల్లో ఈయనకు ఏవి పనికొస్తాయో చర్చించేవారు. క్యాన్సర్ కణాల్లోని జన్యువులను పరీక్ష చేయించడం, ఆ ఫలితాన్ని బట్టి మందు ఎంచుకోవడం కూడా జరిగాయి. హిచెన్స్ గారు రాసినదాన్ని బట్టి చూస్తే, అన్నాళ్ళూ కాలిన్స్ గారు ఆయనతో ప్రార్థన మాట ఎత్తలేదు. ఈయనా ఆయన విశ్వాసాన్ని ఎగతాళి చేయలేదు.

ఇది చదివి "అయితే ఆయన భక్తి పలచబడిందన్నమాట" అని మా స్టాఫ్‌లో ఒకమ్మాయి అంది. నాకైతే అలా అనిపించలేదు. రోగికి అప్పుడు ఏం కావాలో అది పట్టుకెళ్ళారాయన. మంచి సమరయుడు దారిలో దెబ్బలు తిన్నవాడికి ముందు నూనె, ద్రాక్షారసం పోసి కట్లు కట్టాడు. సత్రంలో చేర్చి రెండు దేనారాలు ఇచ్చాడు. నువ్వు ఏ కొండ మీద ఆరాధిస్తావని అడిగినట్టు ఆ ఉపమానంలో ఎక్కడా లేదు.

ఇక ప్రార్థన చేస్తున్నామని రోగికి చెప్పడం గురించి. చెబితే ధైర్యం వస్తుందని మనం అనుకుంటాం. నమ్మేవారికి వస్తుంది కూడా. ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్ళేముందు మా చాప్లిన్ గారు తల మీద చెయ్యి వేస్తే బి.పి. నెమ్మదించిన రోగులను చూశాను. కాని అందరికీ అలాగే ఉంటుందని చెప్పలేం. అమెరికాలో ఆరు హాస్పిటళ్ళలో గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మంది మీద ఒక పెద్ద పరిశోధన జరిగింది. హార్వర్డ్‌కు చెందిన డాక్టర్ హెర్బర్ట్ బెన్సన్ నాయకత్వంలో జరిగిన ఆ పరిశోధన ఫలితాలు 2006లో వచ్చాయి. రోగులను మూడు గుంపులుగా చేశారు. రెండు గుంపులకు 'మీ కోసం ప్రార్థన జరగవచ్చు, జరగకపోవచ్చు' అని మాత్రమే చెప్పారు; వాటిలో ఒక గుంపు కోసం ప్రార్థన జరిగింది, ఇంకొక గుంపు కోసం జరగలేదు. మూడో గుంపుకు 'మీ కోసం తప్పకుండా ప్రార్థన జరుగుతుంది' అని చెప్పి మరీ చేయించారు. మూడు క్రైస్తవ ప్రార్థన బృందాలు ఆపరేషన్ ముందు రాత్రి నుండి 14 రోజులు ప్రార్థించాయి.

ఆపరేషన్ తర్వాత 30 రోజుల్లో ఇబ్బందులు వచ్చినవారు మొదటి గుంపులో నూటికి 52 మంది, రెండో గుంపులో 51 మంది. తేడా లేదన్నమాట. తమ కోసం ప్రార్థన జరుగుతోందని ఖాయంగా తెలిసిన మూడో గుంపులో మాత్రం 59 మంది! అది కాకతాళీయం కావచ్చని పరిశోధకులు కూడా ఒప్పుకున్నారు. కాని వారిలో ఒక డాక్టరు ఒక అనుమానం చెప్పారు: ప్రార్థన బృందాన్ని పిలవాల్సినంత సీరియస్‌గా ఉందా నా పరిస్థితి అని రోగి బెంగపడి ఉండవచ్చని.

ఈ అనుమానం మనకు కొత్త కాదు. "పాస్టరు గారిని పిలిపించారంటే డాక్టర్లు చేతులెత్తేశారు" అని గుసగుసలాడుకోవడం మన కారిడార్లలో ఎన్నిసార్లు విన్నానో. నమ్మే రోగే అలా భయపడితే నమ్మని రోగి సంగతి చెప్పాలా? ఇంకొక బరువు కూడా ఉంటుంది. ఇంతమంది నా కోసం ప్రార్థిస్తున్నారు, నాకేమో తగ్గడం లేదు, వీళ్ళ ముందు నేను ఓడిపోయానని రోగి కుమిలిపోతాడు. హిచెన్స్ కూడా తన వ్యాసంలో ఈ సంగతి ఎత్తారు.

ప్రార్థన పనిచేయదనడానికి ఈ పరిశోధన రుజువని నేననుకోవడం లేదు. ఆ రోగుల ఇంట్లోవాళ్ళు చేసుకున్న ప్రార్థనలను ఎవరు లెక్కపెట్టారు? 500 మిల్లీగ్రాములు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని ప్రార్థనను కొలవడం అసలు కుదిరే పనేనా? నేను తీసుకునేది ఒక్కటే: రోగి చెవిన వేయడం కూడా ఒక మందు వేయడం లాంటిదే. మందు వేసేముందు రోగిని అడుగుతాం కదా!

అడగడం ప్రభువు దగ్గరే నేర్చుకోవచ్చు. యెరికో దారి పక్కన గుడ్డి బర్తిమయి కేకలు వేస్తుంటే అతనికి ఏం కావాలో చూసినవారెవరికైనా తెలుస్తుంది. అయినా నేను నీకేం చేయాలని ప్రభువు అతన్నే అడిగాడు. బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్ళుగా పడి ఉన్న రోగిని కూడా బాగుపడాలని ఉందా అని అడిగిన తర్వాతే బాగుచేశాడు. మరి మనం అడగకుండా ఎనిమిది మంది వెళ్ళి మంచం చుట్టూ నిలబడతాం.

ఎనిమిది మంది అని ఊరికే అనలేదు. మా మేల్ వార్డులో ఒకసారి రిటైరైన మాస్టారు ఒకరు ఉండేవారు. లివర్ క్యాన్సర్. ఏ ఊరో, ఏ సంవత్సరమో రాయను. వారి కుటుంబం ఇప్పటికీ మన ఓ.పి.కి వస్తుంది. యౌవనం నుండి ఎర్రజెండా పట్టిన మనిషి. కోడలు మాత్రం విశ్వాసి. ఆమె చేసిన సేవ చూసి మా స్టూడెంట్లు కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆయనకూ కోడలంటే ప్రాణం. ప్రార్థన మాటెత్తితే మాత్రం గోడవైపు తిరిగి పడుకునేవారు. ఒక సాయంత్రం సంఘం నుండి ఎనిమిది మంది వచ్చారు, పాట పాడారు, బిగ్గరగా ప్రార్థించారు, ఆయన రక్షణ కోసం ఏడ్చారు. మంచివాళ్ళే, ప్రేమతోనే వచ్చారు. వాళ్ళు వెళ్ళాక నేను డ్రిప్ చూడ్డానికి వెళ్తే మాస్టారు అన్నారు: "లేవగలిగితే బయటికి వెళ్ళిపోయేవాణ్ణి సిస్టర్. ఈ ట్యూబు ఉంది కదా."

వీధిలో సువార్త చెబితే ఇష్టం లేనివాడు పక్కకు తప్పుకుని వెళ్ళిపోతాడు. వార్డులో ఉన్నవాడికి వెళ్ళే దారి లేదు. చేతికి సెలైన్, కింద యూరిన్ బ్యాగు, మంచానికి రెయిలింగు. అతని అన్నం, మందు, బెడ్‌పాన్ అన్నీ మన చేతుల్లో ఉంటాయి. కాదంటే సిస్టర్లు సరిగా చూడరేమోనన్న భయం కూడా ఉంటుంది. ఇంత లొంగి ఉన్న మనిషితో తల ఊపించడం సులువు. మిషన్ హాస్పిటల్‌లో పనిచేసే మేము ఈ సంగతి అందరికంటే ఎక్కువ గుర్తుపెట్టుకోవాలి.

నొప్పి పెరిగి మాస్టారికి మార్ఫిన్ మోతాదు పెంచాక బంధువుల్లో ఒకరు నా రూముకి వచ్చి "ఇప్పుడు పాస్టరు గారిని తీసుకొస్తాం సిస్టర్, ఇప్పుడైతే కాదనరు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆపరేషన్‌కి సంతకం కూడా మత్తులో ఉన్నవాడి దగ్గర తీసుకోం. ఆత్మకు సంబంధించిన విషయానికి అంతకంటే తక్కువ పట్టింపు ఉంటుందా? హిచెన్స్ కూడా ఇది ముందే ఊహించారు. చివర్లో నేను దేవుణ్ణి ఒప్పుకున్నానని ఎవరైనా అంటే, ఆ మాట అన్నది నేను కాదు, జబ్బో మందో అనిపించి ఉంటుందని టీవీ ఇంటర్వ్యూలో చెప్పి పెట్టుకున్నారు. 2011 డిసెంబరులో హ్యూస్టన్‌లో ఒక క్యాన్సర్ హాస్పిటల్‌లో కన్నుమూశారు. అయినా ఐదేళ్ళు తిరగకుండానే, ఆయన లోలోపల విశ్వాసం వైపు చూస్తున్నారన్న ధోరణిలో పరిచయస్థుడైన ఒక క్రైస్తవ రచయిత పుస్తకం వేశారు. స్నేహితులు చాలా బాధపడ్డారు. పోయినవాడు వచ్చి అవునని, కాదని చెప్పలేడు.

మాస్టారి దగ్గరికి మా చాప్లిన్ గారు ఒక్కరే వెళ్ళారు. "మాస్టారూ, ప్రార్థన చేయడానికి రాలేదు. కాసేపు కూర్చోవచ్చా?" అని అడిగారు. ఆయన కుర్చీ వైపు చూపించారు. అరగంట కూర్చుని, ఎండిపోయిన పెదవులు తడిగుడ్డతో తుడిచి వచ్చేశారు. కోడలు రోజూ డ్యూటీకి వచ్చినట్టు చాపెల్‌కి వెళ్ళి ప్రార్థించుకుని వచ్చేది. ఒక రోజు ఆయనే అడిగారు, "ఏమ్మా, నా గురించి ఏం చెప్పొచ్చావు అక్కడ?" అని. "రాత్రి నిద్ర పట్టేలా చూడమన్నాను మావయ్యా." "అది పరవాలేదు" అన్నారు. చివర్లో ఆయన నమ్మారా అని నన్ను చాలామంది అడిగారు. ఆ వివరం నింపడానికి మా కేస్ షీట్‌లో గడి లేదు.

నాస్తికులు మన ప్రాంతానికి పరాయివారు కారు. గోరా గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి 1947లో విజయవాడకు మార్చారు. మహాకవి జాషువా గారి కుమార్తె హేమలత గారు ఆ ఇంటికి కోడలిగా వెళ్ళారు. గోరా గారి కుమారుడు డాక్టర్ సమరం గారి ఆరోగ్య వ్యాసాలు పత్రికల్లో చదవని తెలుగువారు అరుదు. మన సంఘస్తులు కూడా చదివారు. ఇప్పుడు తిప్పి ఆలోచించండి. దేవుణ్ణి నమ్మని డాక్టరు ఒకరు, ఆపరేషన్‌కి సిద్ధంగా ఉన్న మన అక్కచెల్లెళ్ళ మంచం దగ్గర నిలబడి "దేవుడు లేడమ్మా, ఆ బైబిల్ పక్కన పెట్టు" అంటే ఎలా ఉంటుంది? కంప్లయింట్ రాసి నా టేబుల్ మీద పెడతారు. పెట్టాలి కూడా.

ఇదంతా విని ప్రార్థన మానేయమంటున్నానని అనుకోవద్దు. తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించమని నేర్పింది ప్రభువే. మంచం పక్కన నిలబడకపోతే వినిపించనంత దూరంలో దేవుడు లేడు. ఆయన అవిశ్వాసం గురించి మాత్రమే కాకుండా ఆయన నొప్పి గురించి, నిద్ర గురించి, కట్టు మార్చే మా పిల్లల చేతులు మృదువుగా ఉండటం గురించి, బిల్లు ఎలా కట్టాలా అని మథనపడే భార్య గురించి ప్రార్థించండి. ప్రార్థించి లేచాక ఫ్లాస్కులో వేడినీళ్ళు పట్టుకురండి. రక్తం కావాలంటే ఇవ్వండి. పక్షవాతం వచ్చినవాణ్ణి కప్పు విప్పి దించిన ఆ నలుగురూ మొదట చేసిన పని మంచం మోయడమే.

వాట్సాప్ గురించి చెప్పకుండా ఉండలేను. సంఘం గ్రూపుల్లో ప్రార్థన మనవులు వస్తున్నాయి. రోగి పేరు, ఊరు, జబ్బు, బెడ్ నంబరు, ఒక్కోసారి ఆక్సిజన్ మాస్కుతో ఫొటో. గంటలో అది నాలుగు మండలాలు తిరుగుతుంది. ఒక పెద్దాయన తన జబ్బు క్యాన్సరని పరామర్శకు వచ్చినవారి నోటే మొదట విన్నారు. ఇంట్లోవాళ్ళు ఆయనకు నెమ్మదిగా చెబుదామని ఆగి ఉన్నారు. రోగి నమ్మేవారైనా, నమ్మనివారైనా, అనుమతి లేకుండా ఇలా పెట్టకండి. జబ్బు వివరం లేకుండా "ఒక సహోదరుని కోసం" అన్నా దేవునికి తెలుస్తుంది. మా స్టాఫ్‌లో ఎవరైనా ఇలాంటి ఫొటో పంపితే మెమో ఇస్తానని కూడా ఈ సందర్భంగా తెలియజేస్తున్నాను.

అడ్మిషన్ అయిన రోజే వార్డు సిస్టర్ మిమ్మల్ని అడుగుతుంది, చాప్లిన్ గారు రావడం మీకు ఇష్టమేనా అని. ఇష్టం లేదంటే లేదని రాసుకుంటుంది. దానివల్ల మందుల్లో గాని, మాటల్లో గాని తేడా ఏమీ ఉండదు. తర్వాత మనసు మారితే ఎప్పుడైనా చెప్పవచ్చు. ప్రార్థన కోసం కుటుంబాలు చాపెల్‌కి ఏ వేళకైనా రావచ్చు, రాత్రి కూడా తలుపు తీసే ఉంటుంది. మంచం దగ్గరికి మాత్రం విజిటింగ్ అవర్స్‌లో ఇద్దరికి మించి రావద్దని మనవి.

— నర్సింగ్ సూపరింటెండెంట్